చేతులు మారని ఇల్లు

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన గుణం కాదు, ఉద్యోగంతో వచ్చింది. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతూ, ఏటా పరీక్ష హాళ్ళలో కాపలా నిలబడి నేర్చుకున్నది ఒకటుంది. కాపీ కొట్టే పిల్లవాడు పేపరు వంక చూడడు, మన వంక చూస్తాడు. మాకు ఇల్లు అమ్ముతామన్న దంపతులు అగ్రిమెంటు రాసి అడ్వాన్సు తీసుకున్న కొన్నాళ్ళకే నా వంక అలా చూడ్డం మొదలుపెట్టారు. మాటలు మాట్లాడుతూనే ఉన్నారు, కాఫీ ఇస్తూనే ఉన్నారు. కళ్ళు మాత్రం నేను ఎటు చూస్తున్నానో అటే తిరుగుతున్నాయి.

ఆ ఇల్లు గుంటూరులో చిలకలూరిపేట రోడ్డు వైపు, కోల్డ్ స్టోరేజీలు దాటాక ఒక పాత కాలనీలో ఉంది. మిర్చి సీజన్లో ఆ గాలి పీలిస్తే కొత్తవాళ్ళకి దగ్గు ఆగదు. ముందు పెద్ద హాలు, రెండు గదులు, వెనక వంటిల్లు, ఒక జామచెట్టు. ఇల్లు కొనేవాళ్ళు నీళ్ళు చూస్తారు, వాస్తు చూస్తారు, వీధిలో ఎవరున్నారో కనుక్కుంటారు. నేను హాలు గుమ్మం వెడల్పు చూశాను. ఎక్కడానికి మెట్లు లేవని చూశాను. మమ్మల్ని తీసుకొచ్చిన మధ్యవర్తి, "బోరు మోటారు వేసి చూపించమంటారా టీచరుగారూ?" అని రెండుసార్లు అడిగాడు. అక్కర్లేదన్నాను. నేనేమీ అడక్కపోవడం చూసి అతనికే అనుమానం వచ్చి ఉంటుంది.

సంగతేమిటంటే, అప్పటికి మేము బ్రాడీపేటలో ఒక మేడ మీద అద్దెకుంటున్నాం. కింది వాటాలో ఉన్నాయన ఒక మధ్యాహ్నం ఆస్పత్రిలో పోతే, ఇంటిగలాయన గేటుకి తాళం వేసుకుని లోపల కూర్చున్నాడు. అంబులెన్సు రోడ్డు మీద ఆగింది. చుట్టాలు ఒక్కొక్కరే వెనక తలుపులోంచి ఎక్కి ముఖం చూసి దిగారు. ఎదురు కోచింగ్ సెంటర్ పిల్లలు బ్యాగులు తగిలించుకుని చూస్తూ నిలబడ్డారు. పోయినాయన భార్యని చీర మార్చుకోవడానికి కూడా గేటు లోపలికి రానివ్వలేదు. అటునుంచి అటే వాళ్ళ ఊరు తీసుకుపోయారు. తర్వాత ఇంటిగలాయన పైకొచ్చి నాతో అన్నాడు: "ఏమనుకోకండమ్మా. నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు నెలలపాటు మూసెయ్యాలి. మా పట్టింపులు మాకుంటాయి." మాటకి మర్యాదగానే అన్నాడు. అంటూ అంటూ మా లోపలి గది వైపు చూశాడు. ఆ గదిలో మా అమ్మ పడుకుని ఉంది.

మా అమ్మది వినుకొండ దగ్గర పల్లె. మిరప కోతలకి వెళ్ళి, తర్వాత గుంటూరొచ్చి షెడ్లలో మిర్చి తొడిమలు తీసి నన్ను చదివించింది. చిన్నప్పుడు నేను ఏడిస్తే అమ్మ మోచేత్తో నా కళ్ళు తుడిచేది, చేతికి ఘాటుంటుందని. పల్లెలో మాకు మిగిలింది చర్చి గోడ పక్కన కూలిన గోడలు. ఆమె బతుకంతా అద్దె గదులే. కాలేయం చెడిందని తేలాక డాక్టరు పక్కకి పిలిచి, "ఇంటికి తీసుకెళ్ళి ఇష్టమైనవి పెట్టండమ్మా" అన్నాడు. ఏ ఇంటికి అన్నది ఆయనకు తెలియదు. అమ్మని రోడ్డు మీద అంబులెన్సులో పెట్టి జనానికి చూపించే పరిస్థితి రాకూడదని, ఆ రోజే ఇల్లు కొందామని నిర్ణయించుకున్నాను.

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. ఇంటిగలాయనకి అమ్మది వట్టి నీరసమని చెప్పాను. అమ్మేవాళ్ళకి, స్కూలుకి బస్సు దగ్గరని కొంటున్నామని చెప్పాను. మధ్యవర్తికి చెబితే మైకులో చెప్పినట్టే.

మొదటి వాయిదాకి కారణం మూఢం. అమ్మేవాళ్ళిద్దరిలో మాట్లాడేది ఎప్పుడూ ఆవిడే. ఆయన పత్తి మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చుంటాడు. "మూఢంలో ఇల్లు చేతులు మారకూడదమ్మా. మీకు పట్టింపులుండవు గానీ మాకుంటాయి" అంది ఆవిడ. మా పాస్టరుగారికి అన్నీ మంచిరోజులే. అయినా వాళ్ళ నమ్మకం వాళ్ళది, సరేనన్నాను. మూఢం వెళ్ళింది. పాత దస్తావేజులు బ్యాంకు లాకరులో ఉన్నాయన్నారు. లాకరు తాళం హైదరాబాదులో కొడుకు దగ్గరుందన్నారు. తాళం వచ్చింది, ఈసారి ఆయనకి మోకాలు పట్టేసింది. మోకాలు పట్టేసిన మనిషి సాయంత్రం పూట పాలప్యాకెట్ తెస్తూ నాకు ఎదురయ్యాడు. నన్ను చూసి కుంటడం మొదలుపెట్టాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటే ఇదే.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు ఇల్లు కొని చూడు అని ఎందుకు అనలేదో నాకు తెలియదు. కట్టేటప్పుడు కనీసం గోడ ఎంత లేచిందో కళ్ళకి కనిపిస్తుంది. కొనేటప్పుడు ఏమీ కనిపించదు. ఇల్లు అక్కడే ఉంటుంది, మనం ఇక్కడే ఉంటాం, మధ్యలో ఏం జరుగుతోందో దేవుడికెరుక.

మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ కోసే యూనిట్ ఆఫీసులో పనిచేస్తాడు. ఆదివారానికి ఇంటికొస్తాడు, బూట్లలోంచి తెల్లటి పొడి రాలుస్తూ. నేను వారమంతా కూడబెట్టిన అనుమానాలన్నీ ఆ ఒక్కరోజే ఆయన మీద పోసేదాన్ని.

"నీకు తాడు చూపిస్తే పామంటావు" అనేవాడు.

"పాముని తాడనుకున్నవాళ్ళే కాటు తింటారు" అనేదాన్ని.

ఒక ఉపాయం ఆలోచించాను. ఆవిడ దగ్గరికి వెళ్ళి, "రిజిస్ట్రేషన్ చేసేద్దామండీ, మీరు కావలసినన్నాళ్ళు ఈ ఇంట్లోనే ఉండండి, అద్దె కూడా వద్దు" అన్నాను. నాకు ఇల్లు కావలసింది వెంటనే, అయినా కాగితం చేతికొస్తే తర్వాత మెల్లగా కదిలించొచ్చని లెక్క. అంత మంచి మాట ఎవరైనా కాదంటారా? ఆవిడ ముఖం తెల్లబోయింది. "ఇప్పుడొద్దమ్మా, ఇల్లు పేరు మారకూడదు" అంది. ఆయన పేపరు దించి ఆవిడ వంక చూశాడు. ఆవిడ వెంటనే, "అదే, మోకాలు బాగుపడాలిగా" అని సర్దేసింది. ఇల్లు పేరు మారడానికీ మోకాలికీ ఏం సంబంధమో నేను అడగలేదు. అడిగితే జాగ్రత్తపడతారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంకొకరికి ఎక్కువకి బేరం పెట్టి ఉంటారు. లేదా ఇంటి మీద ఏదో తగువుంది. లేదా, ఇది అన్నిటికంటే లోపలి అనుమానం, మావాళ్ళకి ఇల్లు అమ్ముతున్నారని వీధిలో ఎవరో అడ్డం పడ్డారు. ఆ మాట ఎవరూ మన ముఖాన అనరు. మూఢమంటారు, మోకాలంటారు. చిన్నప్పటినుంచీ నేను విన్న కారణాలన్నీ అలా మర్యాదగా ఉన్నవే. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే, ఇంటిపేరు విని, ఏ చర్చి అని అడిగి, "నిన్ననే ఎవరో మాట్లాడుకున్నారమ్మా" అన్నవాళ్ళు ఎంతమందో. కాబట్టి నా అనుమానానికి పునాది లేదని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

వేసవి సెలవులొచ్చాయి. అమ్మకి జావ పట్టించి, మందు వేసి, పక్కవాటా ఆమెని కాసేపు చూడమని చెప్పి, స్కూటీ మీద ఆ కాలనీకి వెళ్ళడం అలవాటైంది. మూలమీద సోడాబండి దగ్గర ఆగి గేటు వంక చూసేదాన్ని. లోపలి గది కిటికీకి ఎప్పుడూ పరదా. అంత ఎండల్లో కిటికీ మూసుకుని ఎవరు పడుకుంటారు? దండెం మీద కొత్త నైటీలు ఆరేసి ఉన్నాయి. ఆవిడ కట్టేది ఎప్పుడూ చీరే. ఆ ఇంట్లో ఇద్దరు కాదు, ముగ్గురున్నారు. మూడో మనిషిని నా నుంచి దాస్తున్నారు. దొంగ వారసురాలో, చెప్పకుండా దించిన అద్దెమనిషో, ఖాళీ చెయ్యనని మొండికేసిన చుట్టమో అయి ఉంటుందనుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే గేటు ముందు ఆటో ఆగింది. ఆవిడ చుట్టూ చూసి, ఎవరూ లేరనుకున్నాక, లోపల్నుంచి ఒక అమ్మాయిని పట్టుకుని నడిపించుకొచ్చింది. ఆ అమ్మాయి ఒంటి చుట్టూ పెద్ద శాలువా. మే నెలలో గుంటూరులో శాలువా. ఆటో కదిలింది. నేను వెనకాలే వెళ్ళాను. ఎవరైనా లాయరు దగ్గరికనుకున్నాను, రిజిస్ట్రారు ఆఫీసుకనుకున్నాను. ఈరోజు మీ బండారం బయటపెడతానని అనుకుంటూ బండి నడిపాను. ఆటో తిరిగి తిరిగి మా బ్రాడీపేటకే వచ్చి, మా సందుకి రెండు సందుల అవతల ఒక ఆడవాళ్ళ డాక్టరు క్లినిక్ ముందు ఆగింది.

దిగేటప్పుడు శాలువా జారింది. కడుపు చూశాను. ఆరో నెల దాటి ఉంటుంది. ఆవిడ గబగబా శాలువా కప్పి, ఆ అమ్మాయి నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది. ఆ తుడవడం చూస్తే కూతురని తెలిసిపోయింది.

పక్క మందులషాపులో ఏదో కొంటున్నట్టు నిలబడి అన్నీ అతికించుకున్నాను. కూతురు పురుటికి పుట్టింటికొచ్చింది. కడుపుతో ఉన్న ఆడపిల్ల ఇంట్లో ఉండగా ఇల్లు మారకూడదు, ఇల్లు చేతులు మారకూడదు. ఈ పట్టింపు మా పల్లెలో మావాళ్ళకీ ఉండేది, బైబిలు పట్టుకుని కూడా. ఇంత తొందరగా వచ్చి పడుకుందంటే, చెప్పుకోకుండా దాస్తున్నారంటే, ఇంతకుముందు ఏదో జరిగి ఉంటుంది. అగ్రిమెంటు రాసేనాటికి వాళ్ళకే తెలిసి ఉండదు. లెక్కల టీచరుని కదా, వేళ్ళ మీద లెక్కేశాను. ఆ పిల్ల నీళ్ళాడాలి, పురిటి స్నానం కావాలి, పసిబిడ్డతో కదలాలి. వానలు పడి, పొలాల్లో మిరప నారు నాటేదాకా నాకు ఇల్లు రాదు. అమ్మకి అంత టైముందా?

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. అప్పటికి అమ్మ బాగా ఎండిపోయింది, పొట్ట మాత్రం నీరు పట్టి ఎత్తుగా ఉంది. అంతా విని నా ముఖంలోకి చూసింది.

"నువ్వేం చెడ్డ ఆలోచన చెయ్యట్లేదు కదా?" అంది.

"ఏం ఆలోచన?"

"ఆ కడుపు నిలవకపోతే ఇల్లు త్వరగా వస్తుందని."

"ఛ, అదేం మాటమ్మా" అన్నాను. అమ్మ నమ్మినట్టు లేదు. అనుమానం ఉద్యోగంతో వచ్చిందని మొదట అన్నాను గానీ, కొంత ఆమె రక్తంలోంచే వచ్చినట్టుంది.

"జావ కలుపు" అంది. అంతకుముందు రెండు చెంచాలకే మూతి తిప్పుకునే మనిషి ఆ రోజు గ్లాసు సగం తాగింది. తర్వాత రోజూ తాగింది. వాంతి చేసుకుంటే మళ్ళీ అడిగింది. నేను ఆశ్చర్యపోతుంటే, "ఆ పిల్ల నీళ్ళాడి ఇల్లు వచ్చేలోపు నేను పోకూడదుగా. నువ్వు ఇంత తంటాలు పడుతుంటే" అని నవ్వింది. సాయంత్రం ప్రార్థనలో ముక్కూ ముఖం తెలియని ఆ పిల్ల పేరు లేకుండా, "ఆ తల్లీ బిడ్డా" అని కలిపేది. నాకు మండేది. మనల్ని ఇంత ఏడిపిస్తున్నవాళ్ళ కోసం ప్రార్థనేమిటని. నా ప్రార్థనలో మాత్రం ఇల్లు ఒక్కటే ఉండేది.

నాకంతా తెలుసని ఇల్లు అమ్మే ఆవిడకి చెప్పలేదు. చెబితే ఎలా తెలిసిందని అడుగుతుంది, వెంటపడ్డానని తెలుస్తుంది, దిష్టి పెట్టానంటుంది. ఆషాఢం రాగానే ఫోన్ చేసి, "ఆషాఢం కదమ్మా" అంది. "అవునండీ, ఆషాఢంలో ఎలా" అన్నాను. నేను అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆవిడకి అనుమానమొచ్చింది. మర్నాడు మధ్యవర్తి వచ్చి, "వేరే ఇల్లేమన్నా చూసుకున్నారా టీచరుగారూ, నిజం చెప్పండి, ఆవిడ కనుక్కోమంది" అన్నాడు. ఇటు మా ఇంటిగలాయన రోజూ ఏదో వంకతో మేడెక్కి, "అమ్మగారికి తగ్గిందా?" అని లోపలికి తొంగిచూస్తున్నాడు. అమ్మ ఆయన గొంతు వినగానే పంటి బిగువున లేచి కూర్చుని, "తగ్గింది నాయనా" అనేది. ఆయన దిగిపోయాక పక్క మీదికి ఒరిగిపోయేది. ఆ మనిషి మెట్ల చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆషాఢం వెళ్ళి, వానలు ఊపందుకున్నాక ఒక ఉదయం ఆవిడ తనే ఫోన్ చేసింది. గొంతులో అంతకుముందెప్పుడూ లేని హుషారు. "ఆయన మోకాలు బాగుపడిందమ్మా. పై వారం మంచిరోజుంది" అంది. బిడ్డ పుట్టిందని నేను అర్థం చేసుకున్నాను. అమ్మకి చెబితే, "ఇద్దరూ క్షేమమేనా?" అంది. "ఆయన మోకాలు క్షేమం, కాబట్టి వాళ్ళూ క్షేమమే" అన్నాను. అమ్మ నవ్వబోతే దగ్గొచ్చింది.

రిజిస్ట్రేషన్ రోజు వేలిముద్రలు వేసి, ఫొటో దిగి, బయటికొచ్చేదాకా నాకు నమ్మకం లేదు. సంతకం పెట్టేటప్పుడు కూడా ఆయన చేతి వంకే చూశాను. వచ్చే శనివారం పన్నెండుకల్లా ఇల్లు ఖాళీ చేసి తాళాలిస్తామన్నారు. వాళ్ళ మాట మీద నాలుగు గంటలు కలుపుకుని, నాలుగింటికి అంబులెన్సు మాట్లాడాను. వాళ్ళు వెళ్ళిపోయాకే అమ్మని తీసుకెళ్ళాలి, ఎవరి కంటా పడకూడదు. మా ఇంటిగలాయన్ని కూడా ఆస్పత్రికని చెప్పి నమ్మించాను. ఆయన ముఖంలో ఎంత సంతోషమో.

చివరిరోజు కూడా వాళ్ళు ఆలస్యమే. మేము వెళ్ళేసరికి సామాన్ల లారీ వెళ్ళిపోయింది గానీ, ఆటో ఇంకా గేటు ముందే ఉంది. ఆవిడ బిడ్డని ఎత్తుకుని బయటికొస్తోంది, వెనక కూతురు చెవులకి గుడ్డ కట్టుకుని. సరిగ్గా అప్పుడే అంబులెన్సు వాళ్ళు అమ్మ స్ట్రెచర్ దించారు. ఆవిడ అమ్మని చూసింది, నన్ను చూసింది, ఖాళీ హాలు వంక చూసింది. ఒక్క నిమిషంలో అంతా అర్థమైపోయింది. చెయ్యి తనంతట తనే బిడ్డ ముఖం మీదికి వెళ్ళింది.

దారి ఒకటే. ఇద్దరిలో ఒకరు తప్పుకోవాలి. అప్పుడు అమ్మ, చెయ్యెత్తడానికి కూడా ఓపిక లేని మనిషి, మెల్లగా దుప్పటి అంచు పట్టుకుని తన ముఖం మీదికి తనే లాక్కుంది. తన చూపు ఆ బిడ్డ మీద పడకుండా. ఇన్ని నెలలు ఎవరి కోసం ప్రార్థన చేసిందో ఆ బిడ్డని చూడకుండా అలాగే ముసుగులో పడుకుంది. నాకు ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి.

ఆ అమ్మాయి ఆటో ఎక్కింది. ఆవిడ బిడ్డని ఆమెకిచ్చి, తాళాలు పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఇందుకా అంత తొందరపడ్డారు? మా ఆయన మీరు కొని మళ్ళీ ఎవరికో అమ్ముతారేమో అనుకున్నాడు. నేనూ ఏవేవో అనుకున్నాను."

"మీరూ చెప్పలేదుగా" అన్నాను.

"రెండుసార్లు చెప్పుకున్నామమ్మా. రెండుసార్లూ పోయింది. ఈసారి పక్కింటికి కూడా తెలియనివ్వలేదు." తాళాలు లెక్కపెట్టి, "మీరు మాత్రం ముందే ఒక మాట చెప్పాల్సింది" అంది.

"చెబితే అమ్మేవారా?"

ఆవిడ ఆటో వంక చూసింది. అబద్ధం చెబుతుందనుకున్నాను. మూఢానికి, మోకాలికి అలవాటుపడ్డ చెవులు కదా నావి.

"అమ్మేవాళ్ళం కాదు" అంది.

తాళాలు నా చేతిలో పెట్టింది. నాకు ఆవిడ మీద ఆ రోజు మొదటిసారి గౌరవం కలిగింది. ఆటో వెళ్ళిపోయాక అమ్మ ముఖం మీది దుప్పటి తీశాను. "ఆడా మగా?" అని అడిగింది. చూసుకోలేదన్నాను. "అన్నీ చూస్తావు, అది చూడలేదా" అని విసుక్కుంది.

అమ్మ ఆ హాల్లో కొద్ది వారాలు బతికింది. గుమ్మానికి ఎదురుగా మంచం వేయించుకుని, వీధిలో పోయేవాళ్ళని చూస్తూ ఉండేది. పోయిన రోజు, పెట్టెని అదే హాల్లో ఉంచాం. గేటు బార్లా తెరిచిపెట్టాం. చర్చివాళ్ళు వచ్చి పాటలు పాడారు. వినుకొండ నుంచి ఆమెతో కోతలకి వెళ్ళిన ఆడవాళ్ళు ఒకే ఆటోలో ఇరుక్కుని వచ్చారు. మా ఆయన చీమకుర్తి నుంచి లారీల మధ్య పడి ఆలస్యంగా వచ్చాడు. వీధివాళ్ళు కొందరు లోపలికొచ్చారు, కొందరు గేటు దగ్గరే నిలబడ్డారు. నేను అలవాటు కొద్దీ ఒక్కొక్కరి ముఖమే చూస్తూ కూర్చున్నాను, ఎవరు ముందు ఆ మాట అంటారా అని. ఆ పగలూ ఆ రాత్రీ గడిచాయి. ఎప్పుడు తీసుకెళ్తారని ఎవరూ అడగలేదు.